తుఫానుకు నిలిచిన యిల్లు ఎండకు నిలుచునా?



2013 అక్టోబరు 12వ తేదీన ఫైలిన్ తుఫాను గోపాలపురమువద్ద తీరము దాటినప్పుడు ఒడిశా ప్రభుత్వము దాదాపు 10 లక్షలమందిని ముందుగానే తరలించినది. 1999 నాటి మహాతుఫానులో పదివేలమంది వరకు మరణింపగా ఈసారి మృతులు పదులలోనే ఉండిరి. ఇది శ్లాఘనీయమే. కాని ప్రాణములు దక్కించుకొని తిరిగివచ్చినవారికి ఇండ్లు లేవు. గంజాం తీరమున ఒడియావారు నోలియాలని పిలుచు మన తెలుగు మత్స్యకారుల పూరిండ్లు గాలికి ఆగలేదు. ఋషికుల్య ముఖద్వారము చెంతనున్న పొడంపేటను సముద్రమే కోసివేయగా ఊరే తరలవలసివచ్చినది.

పిదప ప్రభుత్వముతోపాటు ధర్మసంస్థలును పేదలకు పక్కా ఇండ్లు కట్టించినవి. ఇట్టి సంస్థలవారికే నా మనవి. తాళపుచెవులు అప్పగించి, ఫోటో దిగుటతో తమ పని ముగిసినదని వారిలో పలువురు భావించుచున్నట్లున్నది. ఇంటికి గండము మొదలగునది అప్పటినుండియే.

ఉప్పుగాలికి కాంక్రీటులోని ఇనుము త్రుప్పుపట్టును. కడగని సముద్రపు ఇసుక వాడినచో మరింత త్వరగా పట్టును. త్రుప్పు ఉబ్బి, పెచ్చులూడును. ఆ కప్పు తరువాతి తుఫానునకు ఆశ్రయమగునో అపాయమగునో చెప్పనక్కరలేదు. మరమ్మతునకు వలవేసి బ్రతుకువాడు డబ్బెక్కడ తేగలడు? ఇల్లు కట్టునాడే వ్యయములో కొంత విడిగా నిలువచేసి, కాలనీ మొత్తమునకు ఒకే భీమా చేయించుట సంస్థ విధి. దాతలు గోడకు ఇచ్చినట్లు భీమాకు ఇయ్యరు, నిజమే. గోడమీద పేరు చెక్కవచ్చును గదా!

ఇక ఎండ. తుఫాను వార్తకెక్కును, ఎండ యెక్కదు. 1998 వేసవిలో ఒడిశాలో వడదెబ్బకు 2,000మందికి పైగా మృతిచెందిరి. తాటాకు గుడిసె గాలికి ఎగిరిపోవును గాని చల్లగా ఉండెడిది. పగలెల్ల కాగిన కాంక్రీటు కప్పు రాత్రియంతయు ఆ వేడిమిని లోపలికి వదలును. ముసలివారు, బాలింతలు అందు ఎట్లు నిద్రింతురు? ఎదురెదురు కిటికీలు, ముందొక పంచ, కప్పుపై ఏటేట దట్టముగా వెల్లసున్నము—వీనికి పెద్ద ఇంజనీరు అక్కరలేదు.

వేరొక సంగతి. కాలనీ సమావేశములు ఒడియాలో జరిగిన, తెలుగే ఎరిగిన ముసలమ్మలకు ఏమి బోధపడును? ఎవరు నడువలేరో, ఎవరికి మందులు కావలెనో తెలుపు జాబితాను వారి భాషలో వారినడిగియే వ్రాయవలెను.

బరంపురం, ఛత్రపురములలోని మన పెద్దలలో ఇట్టి సంస్థలకు చందాలిచ్చువారు కలరు. ఈ యేటి లెక్కలు వచ్చినప్పుడు, కట్టిన ఇండ్ల సంఖ్యతోపాటు పదేండ్ల క్రిందట కట్టినవాని కప్పులు ఎట్లున్నవో కూడ వారు అడుగవలెనని కోరుచున్నాను.

బరంపురం.
— ఒక పాఠకుడు