స్వాతి చుక్కది ఏ ఊరు?

వేసవి రాత్రి డాబా మీద పడుకుని సప్తర్షి మండలాన్ని మీరు చూసే ఉంటారు. గరిటె కాడలా ఉండే మూడు చుక్కల వంపును అలాగే పొడిగించుకుంటూ పోతే నారింజ రంగులో పెద్ద చుక్క ఒకటి తగులుతుంది. అదే స్వాతి. ముత్యపు చిప్పలో పడే చినుకుకు పేరిచ్చిన నక్షత్రం. ఇంగ్లిషులో ఆర్క్‌ట్యూరస్ అంటారు. దూరం 37 కాంతి సంవత్సరాలు. అంటే ఆకాశం లెక్కల్లో పక్కిల్లే! అయితే ఈ పక్కింటావిడ అసలు మన పాలపుంతలో పుట్టిందేనా అని శాస్త్రజ్ఞులకు ఒక అనుమానం వచ్చింది.

అనుమానానికి కారణం నడక. పాలపుంత కేంద్రం చుట్టూ తిరగడంలో స్వాతి మన సూర్యుడి కంటే సెకనుకు 100 కిలోమీటర్లు వెనకబడి ఉంటుంది. ఇదే తీరున నడిచే చుక్కలు మరికొన్ని ఉన్నాయని 1971లో ఓలిన్ ఎగ్గెన్ గుర్తించారు. పాలపుంత ఎప్పుడో మింగేసిన ఓ చిన్న గెలాక్సీ తాలూకు జనమే ఈ గుంపు కావచ్చని 2004లో నవర్రో, హెల్మి, ఫ్రీమన్ ప్రతిపాదించారు.

నడక మారుతుంది. పుట్టినప్పటి రసాయనాలు అంత తేలిగ్గా మారవు. ముసలితనంలో కార్బన్, నైట్రోజన్ అటూ ఇటూ అయినా నక్షత్రం పైపొరల్లో ఇనుము, మెగ్నీషియం పాళ్లు దాదాపు అలాగే ఉంటాయి. వాటిని వర్ణపటంలోని నల్లగీతల్లో చదవచ్చు. ఆ గీతల్ని లెక్కలుగా మార్చే దారి చూపింది 1920లో మన మేఘనాథ్ సాహా ఇచ్చిన సమీకరణమేనని గుర్తుచేసుకోవాలి.

అసలు కిటుకు ఇక్కడుంది. మెగ్నీషియాన్ని ముఖ్యంగా తయారుచేసేవి భారీ నక్షత్రాలు. అవి కొద్ది కోట్ల ఏళ్లలోనే పేలిపోతాయి. ఇనుములో పెద్ద వాటా మరోరకం పేలుళ్లది. శ్వేత కుబ్జాలు పేలి దాన్ని వెదజల్లుతాయి, అదీ చాలామటుకు వంద కోట్ల ఏళ్లు ఆలస్యంగా. పెద్ద గెలాక్సీలో నక్షత్రాలు జోరుగా పుడతాయి గనుక, ఆ రెండోరకం ఇనుము వచ్చేలోపే మెగ్నీషియం దండిగా పోగవుతుంది. చిన్న గెలాక్సీలో అంతా నెమ్మది. కాబట్టి ఇనుము సమానంగా ఉన్న రెండు ముసలి చుక్కల్లో మెగ్నీషియం తక్కువున్నది చిన్న ఊరిదన్నమాట.

మరి స్వాతి? ఇనుము సూర్యుడిలో మూడో వంతే. ఆ ఇనుముతో పోలిస్తే మెగ్నీషియం మాత్రం సూర్యుడి కంటే రెట్టింపు పైనే. చిన్న ఊరి పోలిక కాదిది. 2009లో ఆ గుంపులోని నక్షత్రాల్ని పరీక్షిస్తే వాటికంటూ ప్రత్యేకమైన రసాయన ముద్రేదీ కనిపించలేదు. పాలపుంత పళ్లెంలోని మామూలు చుక్కల్లాగే ఉన్నాయి. పాలపుంత గురుత్వాకర్షణ తీరే వాటిని ఒక నడకకు తెచ్చి ఉంటుందని తేల్చారు. ఆ పరిశోధనలో హెల్మి, ఫ్రీమన్ కూడా ఉన్నారు! తమ ఊహను తామే తూకం వేసుకున్నారు, చూడండి.

పరాయి చుక్కలు లేవని కాదు. 2010లో నిస్సెన్, షుస్టర్ సూర్యుడి చుట్టుపక్కల ముసలి చుక్కల్ని తూచి, మెగ్నీషియం తక్కువున్న గుంపును విడిగా పట్టుకున్నారు. 2018లో గైయా ఉపగ్రహం కొలతలు వచ్చాక నడక కూడా ఆ మాటే చెప్పింది. దాదాపు వెయ్యి కోట్ల ఏళ్ల కిందట పాలపుంతను ఢీకొని కలిసిపోయిన గెలాక్సీ సంతానమట అవి. హెల్మి బృందం దానికి గైయా-ఎన్సెలాడస్ అని పేరు పెట్టింది. గ్రీకు పురాణంలో ఎన్సెలాడస్ ఎట్నా పర్వతం కింద పూడ్చబడ్డ రాక్షసుడు. అతగాడు అటూ ఇటూ ఒత్తిగిల్లితే భూకంపాలొస్తాయని అక్కడి కథ.