అమ్మకు వత్తు దొరకలేదు

తెలుగు ఎం.ఏ. చదివి, కాలేజీలో ఛందస్సు చెప్పుకునే మీకు కంప్యూటరు చేత బొమ్మలు వేయించే పని యెందుకండీ అని మా ఆవిడ అడిగింది. అడగవలసిన ప్రశ్నే. మా అక్కయ్య మనవరాలు డల్లాసులో వుంటుంది. అయిదేళ్ళది. తెలుగులో మాట్లాడితే అర్థం చేసుకుంటుంది గాని అక్షరం ముక్క రాదు. దానికోసం అక్షరాలు దిద్దుకునే ఆటొకటి తయారుచేద్దామని నా సంకల్పం.

"రేలిబ్ నేర్చుకో మామయ్యా, ఉచితం" అన్నాడు మా మేనల్లుడు. చిత్రకళా విద్యార్థులకు ఆటల ప్రోగ్రామింగు చెప్పే రామన్ శాంతమారియా అనే మాస్టారు 2013లో మొదలుపెట్టిన లైబ్రరీ అది. పుస్తకం యేదీ అంటే, "చీట్‌షీటు వుంది" అన్నాడు. పరీక్ష హాల్లో నేను లాక్కునే వస్తువన్నమాట! ఒక్కొక్క ఫంక్షను పేరు, పక్కన ఒక్క ముక్క వివరణ. వ్యాఖ్యానం లేని సూత్రాలు. తక్కినది ఉదాహరణ ప్రోగ్రాములు చదివి మనమే గ్రహించుకోవాలి.

సూర్యుణ్ణి పైకి జరుపుదామని వై విలువ పెంచితే కిందికి దిగాడు. ఇక్కడి లెక్క పై యెడమ మూల మొదలై కిందికి పెరుగుతుందని ఆయనే చెప్పాడు.

తరువాత "అమ్మ" అని వ్రాయించాను. తెరమీద నాలుగు ప్రశ్నార్థకాలు! రెండక్షరాల మాటకు నాలుగెందుకో? తెలుగు ఫాంటు పెట్టినా అవే. సంఖ్యలు మనం అడిగి యివ్వకపోతే ఆ ఫంక్షను ఇంగ్లీషుకు సరిపడే 95 గుర్తులే తెచ్చుకుంటుందట. యూనికోడులో తెలుగుకున్న 128 స్థానాల సంఖ్యలూ యిచ్చాను. అ వచ్చింది, మ వచ్చింది, పక్కన వంటరిగా పొల్లు, ఆ పక్కన మరో మ. నాలుగు ప్రశ్నలకూ జవాబు దొరికింది గాని అమ్మ రాలేదు.

రేలిబ్‌కు వరసగా అక్షరాలు పేర్చడమే తెలుసు. వత్తు కలపడం హార్ఫ్‌బజ్ అనే వేరే లైబ్రరీ పని. పారశీకంలో ఆ పేరుకు తెరిచిన అక్షరమని అర్థం. నాకు మాత్రం తెరుచుకోలేదు. ఆ రెండింటికీ వియ్యం కుదర్చలేక, యాభై మాటలు బొమ్మలుగా చేసి అతికించి పంపాను.

వారం తిరక్కుండా ఫోను. "తాతయ్యా, అన్నీ దిద్దేశాను. మా కుక్క పేరు కొడితే రాదేం? నేను చెప్పింది యెందుకు రాదు?"

నలభైయారేళ్ళకే తాతనయ్యానన్న చింత నాకు లేదు. ఆ ప్రశ్నే నిద్ర పట్టనివ్వలేదు. రాత్రి హార్ఫ్‌బజ్ మళ్ళీ తెరిచాను. పన్నెండయినా దీపం తీయలేదని మా ఆవిడ విసుక్కుంటోంది.