సగం కరెంటు, సగం కంచు

మార్కెట్లో బోల్తాపడిన సరుకు చరిత్రకెక్కడం అరుదు. జపాన్ కంపెనీ రోలాండ్ 1983లో విడుదల చేసిన టీఆర్-909 డ్రమ్ మెషీన్‌కు ఆ యోగం పట్టింది. అమెరికాలో ధర 1,195 డాలర్లు. తయారైనవి సుమారు 10,000.

అప్పటికి డ్రమ్ మెషీన్లది రెండు దారులు. మొదటిది సర్క్యూట్లలోని కరెంటుతోనే శబ్దం పుట్టించే అనలాగ్ పద్ధతి. రోలాండే 1980లో తెచ్చిన టీఆర్-808 ఆ కోవది. రెండోది అసలు డ్రమ్ములను రికార్డు చేసి, చిప్పుల్లో దాచి వినిపించే డిజిటల్ పద్ధతి. అమెరికన్ రోజర్ లిన్ రూపొందించిన ఎల్ఎం-1 అలాంటిది. కొనాలంటే దాదాపు 5,000 డాలర్లు కావాలి.

909 రూపకర్త తాదావో కికుమోతో మధ్యేమార్గం పట్టారు. కిక్, స్నేర్, చప్పట్లు సర్క్యూట్లకు అప్పగించారు. కంచు సింబల్స్ మాత్రం సర్క్యూట్లకు అంత తేలిగ్గా లొంగవు. ఒక్క దెబ్బకు లెక్కలేనన్ని పౌనఃపున్యాలు ఒకదానితో ఒకటి పెనుగులాడతాయి. అందుకని నిజమైన సింబల్స్‌ను రికార్డు చేసి 6 బిట్లలోకి కుదించారు. మెమరీ చిప్పులు ఖరీదైన రోజులు మరి. ఆ పొదుపు వల్ల వచ్చిన గరుకుదనమే తర్వాత దాని గుర్తింపయింది.

నిజం డ్రమ్ములు కావాలనుకున్నవారికి ఈ సంకరం నచ్చలేదు. రోలాండ్ 909ని ఆపేసి తెచ్చిన టీఆర్-707లో అన్నీ రికార్డు చేసిన శబ్దాలే. పాతవి చవగ్గా సెకండ్‌హ్యాండ్ దుకాణాలకు చేరాయి. వాటిని అందుకున్నది చికాగో, డెట్రాయిట్‌ల నల్లజాతి యువకులు. కార్ల పరిశ్రమ కుంగిపోతున్న డెట్రాయిట్‌లో జువాన్ అట్కిన్స్, డెరిక్ మే, కెవిన్ శాండర్సన్ టెక్నో సంగీతానికి రూపమిచ్చారు. మే తన 909ని చికాగో డీజే ఫ్రాంకీ నకుల్స్‌కు అమ్మారు. క్లబ్బులో రికార్డుల అడుగున దాని కిక్ మోగడం మొదలైంది. మోగుతుండగానే నాబ్ తిప్పి ఆ దెబ్బను పొడిగించొచ్చు, తెంచొచ్చు. రికార్డు చేసిన శబ్దంతో అప్పట్లో ఇది అంత సులువు కాదు.

మరి అసలు డ్రమ్మర్ల సంగతి? 1982లోనే బ్రిటన్ మ్యుజీషియన్స్ యూనియన్ లండన్ శాఖ ఒకటి సింథసైజర్లు, డ్రమ్ మెషీన్లపై నిషేధం కోరింది. అప్పుడు నవ్వినవారున్నారు. కానీ భయం ఉత్తిది కాదు. మన సినిమా స్టూడియోల్లోనూ ప్రోగ్రామ్ చేసిన రిథమ్ పెరిగేకొద్దీ పదుల మంది కూర్చుని వాయించే ఆర్కెస్ట్రాలు చిక్కిపోయాయి. యంత్రం కొత్త ఉపాధి తెస్తుందనేవారు ఒక చిన్న సంగతి దాటేస్తారు: పని పోయేది ఒకరికి, దొరికేది మరొకరికి.

ఆ గీతకు రెండు వైపులా నిలబడిన మనిషి ముంబైలో ఉండేవారు. హిందీ సినిమా ఆర్కెస్ట్రాల్లో వాయించిన చరణ్‌జీత్ సింగ్ 1982లో 808ని, రోలాండ్‌వే మరికొన్ని పరికరాలను ముందు పెట్టుకుని డిస్కో తాళంలో పది రాగాల రికార్డు చేశారు. ఎవరూ పట్టించుకోలేదు. 2010లో అది మళ్లీ విడుదలయ్యాక ఐరోపా క్లబ్బులు చెవులు రిక్కించాయి. డెబ్బై దాటిన వయసులో ఆయన విదేశీ వేదికలెక్కారు. 2015లో కన్నుమూశారు.

909 సెకండ్‌హ్యాండ్ ధర ఇప్పుడు అసలు ధరకు ఎన్నో రెట్లు. 2016లో రోలాండ్ స్వయంగా టీఆర్-09 పేరుతో దాని చిన్న రూపాన్ని మార్కెట్లోకి తెచ్చింది. అందులో కిక్ కూడా డిజిటలే.