మడత విప్పిన పేపరు

అచ్చు పత్రికకు మొదటి పేజీ ఉంది, చివరి పేజీ ఉంది. దాన్ని చదవడంలోని సుఖం చాలావరకు ఈ హద్దులోనే ఉంది. నిన్నటి లోకంలోంచి ఏరి, కుదించి, వరుసగా పేర్చిన కొన్ని కాగితాలు తెల్లవారేసరికి గుమ్మంలో పడతాయి. చదివేవారు మొదలుపెడతారు, పూర్తిచేస్తారు, మడిచి పక్కన పెడతారు. ఫోనులో వార్తలకు అడుగు కనిపించదు. ఎంత తోడినా ఊరుతూనే ఉంటాయి. పేపరు మాత్రం ఇవాళ్టికి ఇంతే అని చెప్పగలదు. చదివాం, అయిపోయింది అన్న తృప్తి అక్కడే దొరుకుతుంది.

పొద్దున్నే పేపరు చేతికందడం తెలుగువారికి మొదటినుంచీ ఉన్న భోగం కాదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1908లో బొంబాయిలో వారపత్రికగా మొదలుపెట్టిన ‘ఆంధ్రపత్రిక’ 1914 ఏప్రిల్ 1న మద్రాసులో దినపత్రిక అయింది. 1938లో వచ్చిన ‘ఆంధ్రప్రభ’ పుట్టిల్లు కూడా మద్రాసే. అక్కడ అచ్చయిన ప్రతులు రైలెక్కి తెలుగు జిల్లాలకు రావాలి. స్టేషనుకు దూరంగా ఉన్న పల్లెకు చేరేసరికి వార్త పాతబడేది. అయినా ఎదురుచూసి మరీ చదివేవారు. 1960లో ‘ఆంధ్రజ్యోతి’ విజయవాడలో మొదలైంది. విశాఖపట్నానికి మాత్రం తర్వాత చాలాకాలం విజయవాడ పత్రికలు పొద్దెక్కాకే అందేవి. 1974 ఆగస్టు 10న విశాఖలో మొదలైన ‘ఈనాడు’ అక్కడే అచ్చయి, ఊరు నిద్రలేచేలోపు ఇళ్లకు చేరింది. క్రమంగా పత్రికలు ఒక్కో పట్టణంలో అచ్చు యంత్రాలు పెట్టుకుంటూ వెళ్లాయి. కాఫీ గ్లాసూ పేపరూ ఒకే వేళకు చేతికి రావడం అలా అలవాటైంది.

ఆ వేళను నిలబెట్టడానికి రాత్రంతా పని జరుగుతుంది. డెస్కులో ఉపసంపాదకులు వార్తలు దిద్ది, శీర్షికలు పెట్టి, పేజీలు కడతారు. రంగుల పేజీ ఒక్కొక్కదానికీ నాలుగు పల్చని అల్యూమినియం ప్లేట్లు తయారవుతాయి. రీళ్లలోని కాగితం యంత్రంలో పరుగెత్తి, తెగి, మడతపడి బయటికొస్తుంది. కట్టలు వ్యాన్లెక్కుతాయి. చీకటి ఉండగానే ఏజెంట్లు, పేపరు కుర్రాళ్లు ఏ కూడలిలోనో మూసిన దుకాణం అరుగు మీద కూర్చుని, జిల్లా అనుబంధాన్ని ప్రధాన పత్రికలో దోపి, సైకిళ్ల మీద బయల్దేరతారు. ఈ ప్రయాణం జాడలు కాగితం మీదే కనిపిస్తాయి. పేజీ అంచున చాలాసార్లు నాలుగు చిన్న చుక్కలుంటాయి: నీలం, గులాబి ఎరుపు, పసుపు, నలుపు. రంగులు సరిగ్గా పడుతున్నాయో లేదో చూసుకోవడానికి అచ్చువేసేవారు పెట్టుకునే గుర్తులవి. ప్లేటు వెంట్రుకవాసి జరిగినా ఫొటోలోని మనిషి ముఖానికి రెండో అంచు కనిపిస్తుంది. వేలికంటిన సిరా, విప్పగానే వచ్చే కొత్త కాగితం వాసన, పేజీ తిప్పినప్పుడల్లా గరగరమనే చప్పుడు చదువుతో పాటే వస్తాయి.

మొదటి పేజీ ఒక తీర్పు లాంటిది. ఏ వార్తకు పతాక శీర్షిక పెట్టాలి, దేన్ని మడతకు పైన వేయాలి, దేన్ని బాక్సు కట్టాలి, దేన్ని లోపలి పేజీకి పంపాలి అని రాత్రి ఎవరో కూర్చుని తేల్చారు. చదివేవారు ఆ తీర్పును ఒప్పుకోవచ్చు, కాదనవచ్చు. రెండు పత్రికలు పక్కపక్కన పరిచి చూస్తే ఒకే రోజు రెండు రకాలుగా కనిపిస్తుంది. ఏ పత్రిక ఎటు మొగ్గుతుందో అక్షరాల సైజే చెబుతుంది. ఆ తీర్పుకు పూచీపడే మనుషుల పేర్లు కూడా పత్రికలోనే ఉంటాయి. సాధారణంగా చివరి పేజీ అడుగున చీమతలకాయంత అక్షరాల్లో ముద్రాపకుడు, ప్రచురణకర్త, సంపాదకుడు ఎవరో, ఎక్కడ అచ్చయిందో వేస్తారు. 1867 నాటి చట్టం నుంచీ ఉన్న కట్టుబాటు ఇది. అచ్చయిన తప్పును తుడిపెయ్యడం సాధ్యం కాదు. మర్నాడు సవరణ వేసుకోవాల్సిందే. పేపరులో వచ్చిందన్న మాటకు ఊళ్లలో ఉన్న బరువు కొంత ఇక్కడినుంచి వచ్చింది.

లోపలి పేజీల సుఖం వేరు. అక్కడ వెతకని సంగతులు ఎదురవుతాయి. క్రికెట్ స్కోరు కోసం పేజీ తిప్పినవారి కన్ను దారిలో గుంటూరు మిర్చి యార్డు ధర మీద పడుతుంది, నిజామాబాద్ పసుపు రేటు మీద ఆగుతుంది. టెండరు నోటీసులు, పేరు మార్పు ప్రకటనలు, ‘కనబడుటలేదు’ అన్న మాట కింద ఒక పిల్లవాడి ఫొటో, పెళ్లి సంబంధాలు, ఏడాది నిండిన సందర్భంగా కుటుంబం వేయించిన శ్రద్ధాంజలి అన్నీ ఒకే పేజీలో పక్కపక్కన ఉంటాయి. ఇష్టాన్ని కనిపెట్టి వడ్డించే ఫోను ఇలాంటి పేజీని ఎదుట పెట్టడం అరుదు. సాటి మనుషుల అవసరాలూ కష్టాలూ అడక్కుండానే తెలియడం పేపరు చేసే పెద్ద మేలు.

సొంత ఊరి పేరు అచ్చులో చూసుకోవడం ఇంకో ఆనందం. 1989లో ‘ఈనాడు’ జిల్లా అనుబంధాలు మొదలుపెట్టాక మండలాలూ పల్లెలూ రోజూ పత్రికకెక్కాయి. చెరువు గట్టు తెగినా, బడికి ప్రహరీ లేకపోయినా, పదో తరగతిలో ఊరి పిల్లకు మంచి మార్కులు వచ్చినా అందులో నాలుగు వాక్యాలు పడతాయి. అచ్చయిన పేరు ఇచ్చే ధైర్యం అంతకుముందు నుంచే తెలిసినది. తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా సురవరం ప్రతాపరెడ్డి తన ‘గోలకొండ పత్రిక’ తరఫున 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ వెలువరించారు. మూడువందల యాభైమందికి పైగా కవులు అందులో ఒకచోట చేరారు. మాటతో వాదించడం కన్నా పేర్లు అచ్చువేసి చూపడం గట్టి జవాబైంది.

భాష వల్ల వచ్చే సుఖం నెమ్మదిగా తెలుస్తుంది. తాపీ ధర్మారావు ‘జనవాణి’ని వాడుక భాషలో నడిపారు. నార్ల వెంకటేశ్వరరావు ‘ఆంధ్రప్రభ’లోనూ, తర్వాత ‘ఆంధ్రజ్యోతి’లోనూ రాసిన సంపాదకీయాల కోసమే పత్రిక కొన్నవారున్నారు. ఈ వరుసలో వచ్చినవారంతా కలిసి, చదివితే అర్థమయ్యే తెలుగును రోజువారీ సరుకుగా చేశారు. ఎందరో పిల్లలకు బడి పుస్తకం తర్వాత రెండో వాచకం పేపరే. తాతయ్య ఒళ్లో కూర్చుని పెద్దక్షరాల శీర్షికను కూడబలుక్కుంటూ చదివిన పిల్ల, ఒత్తు దగ్గర ఆగి, మళ్లీ మొదలుపెట్టి, మాట పూర్తికాగానే తల ఎత్తి చూస్తుంది. చదువు వచ్చిందని ఇంట్లోవారికి తెలిసే క్షణం అది.

పేపరును పంచుకోవడం తేలిక. టీ కొట్టులో ఒక్క ప్రతి పేజీలుగా విడిపోయి నలుగురి చేతుల్లోకి వెళ్తుంది. ఒకరు సినిమా పేజీ, ఒకరు జిల్లా పేజీ, ఇంకొకరు సంపాదకీయం పట్టుకుంటారు, చదవడం అయినవారు మార్చుకుంటారు. మంగలి షాపు బల్ల మీదా, శాఖా గ్రంథాలయంలోనూ ఇదే తీరు. అందరూ ఒకే అక్షరాలు చదివారు కాబట్టి వాదన ఒకే విషయం మీద నడుస్తుంది. ఎవరి ఫోనులో వారికి వేరే లోకం కనిపిస్తే ఆ వాదనకు ఉమ్మడి నేల ఉండదు. వేగంలో పేపరు ఫోనుకు సాటిరాదు; అర్ధరాత్రి దాటాక ముగిసిన మ్యాచి ఫలితం చాలా ఊళ్ల ప్రతుల్లో ఉండదు. జరిగినదాన్ని ఒక రాత్రి నిలిపి, తూచి చెప్పడమే పేపరు పని. పండగ సెలవు వల్ల మర్నాడు పత్రిక వెలువడదన్న ప్రకటన చూసి కూడా అలవాటుగా తలుపు తీసి గుమ్మం వైపు చూసేవారికి దాని విలువ చెప్పనక్కర్లేదు.

చదివేశాక కూడా కాగితానికి పని ఉంటుంది. అలమారలో పరుస్తారు, పుస్తకాలకు అట్టలేస్తారు, మిగిలినవి కిలోల లెక్కన అమ్ముతారు. సిరా ఒంటికి మంచిది కాదు కాబట్టి బజ్జీలు మాత్రం అందులో చుట్టకూడదు. కత్తిరించి దాచుకున్న ముక్కలు బీరువాల్లో ఏళ్ల తరబడి ఉంటాయి. బాపట్ల జిల్లా వేటపాలెంలో 1918లో మొదలైన సారస్వత నికేతనం పాత పత్రికలను కట్టలుగా భద్రపరిచింది. పరిశోధకులు అక్కడికి వెళ్లి పసుపెక్కిన పేజీలు జాగ్రత్తగా తిప్పుతారు. పెద్ద వార్త పక్కనే ఆనాటి ధరలూ, మందుల ప్రకటనలూ, సభల కబుర్లూ అచ్చయిన రోజు ఉన్న చోటే ఉంటాయి. ఆ రోజు ఎవరో మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివి మడిచిపెట్టిన వరుసలోనే ఇప్పుడు చదివేవారూ చదువుతారు.