డ్రమ్ముల వెనక కుర్చీ

బ్యాండు కథ ఎవరు చెప్పినా గొంతు దగ్గర మొదలుపెడతారు. స్లోడైవ్ కథని మాత్రం డ్రమ్ముల వెనకున్న కుర్చీ దగ్గర మొదలుపెట్టాలనిపిస్తుంది నాకు. ముందు నిలబడే నలుగురూ చేరినవాళ్లు చేరినట్టే ఉండిపోయారు. ఆ కుర్చీలో మాత్రం ఆరేళ్లు తిరక్కుండా నలుగురు కూర్చుని లేచారు.

ఊరు రెడింగ్. లండన్‌కి పడమరగా, రైలెక్కితే గంటలోపు చేరిపోయే పట్నం. నీల్ హాల్‌స్టెడ్, రేచెల్ గోస్వెల్ చిన్నప్పటి స్నేహితులు. 1989లో ఇద్దరూ కలిసి బ్యాండు కట్టారు. బేస్ గిటారుకి నిక్ చాప్లిన్ వచ్చాడు. ఇంకో గిటారు కోసం అమ్మాయి కావాలని ప్రకటన ఇస్తే, క్రిస్టియన్ సావిల్ అనే కుర్రాడొక్కడే జవాబు రాశాడు. అంతగా కావాలంటే గౌను వేసుకుని వాయిస్తానన్నాడు. అలాంటివాణ్ణి తీసుకోకుండా ఎలా ఉంటారు? ఇక డ్రమ్ములకి కూర్చున్న ఏడ్రియన్ సెల్, ఆరు నెలలు గడిచేసరికి వ్యవహారం మరీ జోరందుకుంటోందని యూనివర్సిటీ చదువుకి వెళ్లిపోయాడు. అదే ఊళ్లోని మరో బ్యాండు నుంచి నీల్ కార్టర్ వచ్చాడు, అదీ కొన్నాళ్లే. 1990లో సైమన్ స్కాట్ వచ్చాకే కుర్చీ కాస్త కుదుటపడింది.

వీళ్ల సంగీతాన్ని డ్రీమ్ పాప్ అన్నారు. గిటారు మోతని మార్చే కాలి పెడళ్ల మీద నుంచి చూపు తిప్పకుండా తల వంచుకుని వాయిస్తారు కాబట్టి, బూట్లు చూసుకునే బాపతంటూ షూగేజ్ అని కూడా పేరు పెట్టారు. ఆ రెండో పేరులో వెక్కిరింపే ఎక్కువ. తీగ మీటిన చప్పుడు మనదాకా రాదు. కాలి కింద పెడళ్లలో పడి నాని, ఉబ్బి, దాని మోత మాత్రం వస్తుంది. రేచెల్, నీల్ గొంతులు అందులో సగం మునిగి ఉంటాయి. మన కచేరీలో తంబురాని ముందుకు జరిపి, గాత్రాన్ని దాని వెనక కూర్చోబెట్టినట్టనుకోండి. మాటలు అందవు, అందాలని వాళ్లకీ పెద్ద పట్టింపు లేదు. ఇంత పొగమంచులో అడుగు ఎక్కడ వేయాలో వినేవాడికి చెప్పేది ఒక్క డ్రమ్మరే.

క్రియేషన్ రికార్డ్స్ కంపెనీ వీళ్లని తీసుకునేనాటికి అందరికీ ఇంచుమించు ఇరవయ్యేళ్లు. తొలి ఆల్బమ్ 1991లో వచ్చింది. మొదట్లో చంకనెత్తుకున్న వారపత్రికలే అప్పటికి దించేయడం మొదలుపెట్టాయి. రెండోదానికి రాసుకున్న పాటలు వినిపిస్తే కంపెనీ యజమాని అలన్ మెక్‌గీ ఒక్కటీ పనికిరాదు పొమ్మన్నాడు. ఈలోగా నీల్, రేచెల్ జంటగా ఉండటం మానేశారు. పాటలు మాత్రం కలిసే పాడారు. 1993లో ఆ ఆల్బమ్, ‘సువ్లాకీ’, బయటికొచ్చింది. అది మళ్లీ వినడం కన్నా గంజి లాంటి జావ నింపిన తొట్లో మునిగి చావడం నయమన్నాడు ‘మెలొడీ మేకర్’ సమీక్షకుడు. అంతకుముందే మానిక్ స్ట్రీట్ ప్రీచర్స్ బ్యాండులోని రిచీ ఎడ్వర్డ్స్, హిట్లర్ కన్నా వీళ్లంటేనే తనకి ఎక్కువ అసహ్యమని అనేశాడు. పత్రిక నడిపేవాణ్ణి కాబట్టి నాకు ఎడ్వర్డ్స్ మీద కన్నా ఆ సమీక్షకుడి మీదే చూపు నిలుస్తుంది. వారం వారం పేజీ నింపాలి, వాక్యం పేలాలి. మొన్నటి సంచికలో మెచ్చుకున్నదాన్ని ఈసారీ మెచ్చుకుంటే చప్పగా ఉంటుంది. ఆ జబ్బు మా ఇంట్లోనూ ఉంది. ఒక్క రాత్రిలో చదివేసిన కవితా సంపుటి మీద నేనూ ఒకసారి ఇలాంటి వాక్యమే రాసి, తెగ మురిసిపోయాను. ఆ పుస్తకం ఇప్పటికీ నా అలమరలో ఉంది. సమీక్ష మాత్రం ఎవరికీ చూపించను.

‘సువ్లాకీ’ తయారీలోదే ఒక చిన్న ముచ్చట. తమకి ప్రొడ్యూసరుగా ఉండమని సంగీతకారుడు బ్రయన్ ఈనోకి హాల్‌స్టెడ్ ఉత్తరం రాశాడు. ఆ పని చెయ్యను గానీ కలిసి వాయిద్దాం అన్నాడాయన. స్టూడియోలో అడుగుపెడుతూనే గోడ గడియారాన్ని ఊడబీకి మిక్సింగ్ డెస్కు పక్కన పెట్టాడట. నువ్వు గిటారు వాయించు, ఏం వాయిస్తావో నాకు అనవసరం, నేను రికార్డు చేస్తానన్నాడట. టైము చూసుకోవడానికే పెట్టి ఉంటాడు పాపం. నాకు మాత్రం అది ముందు జరగబోయేదానికి శకునంలా కనిపిస్తుంది.

ఎందుకంటే ఆ తర్వాత హాల్‌స్టెడ్ మనసు పాట మీద నుంచి మోత మీదికి పూర్తిగా మళ్లింది. లూపులు, నిశ్శబ్దాలు, మధ్యలో ఎక్కడో ఒక గొంతు. అలాంటిచోట డ్రమ్మరుకి పనేముంటుంది? 1994లో స్కాట్ వెళ్లిపోయాడు. కుర్చీలోకి ఇయన్ మెకచన్ వచ్చాడు. 1995లో ‘పిగ్మేలియన్’ వచ్చింది. క్రియేషన్ అప్పటికే ఒయాసిస్ అమ్మకాల్లో తలమునకలై ఉంది. రికార్డు విడుదలైన వారానికే వీళ్లని వదిలించుకుంది.

నీల్, రేచెల్, మెకచన్ మిగిలారు. ముగ్గురూ మొహావీ 3 పేరుతో పల్లె వాసన కొట్టే నెమ్మది పాటల్లోకి దిగారు. సావిల్ మాన్‌స్టర్ మూవీ అనే బ్యాండు పెట్టుకున్నాడు. చాప్లిన్ సంగీతమే మానేశాడు. డ్రమ్ములు వదిలి వెళ్లిన స్కాట్ ఏం చేశాడో చూడండి: కేంబ్రిడ్జి దాపున సముద్ర మట్టానికి దిగువన ఉండే ఫెన్స్ చిత్తడి నేలల్లో తిరిగి, నీళ్లలోకి మైకులు దించి, పురుగుల సద్దూ రెల్లు గరగరా పోగుచేసి ఆల్బమ్ కట్టాడు. తాళమనేదే లేని సంగీతం. హాల్‌స్టెడ్ పోయినదారికన్నా ఇంకా లోపలికి పోయాడన్నమాట.

2014లో స్లోడైవ్ మళ్లీ కలిసింది. ఆ మేలో బార్సిలోనా ప్రిమవేరా ఉత్సవంలో వేదికెక్కింది. కుర్చీలోకి వచ్చింది స్కాటే. మొహావీ 3లో వెంట నడిచిన మెకచన్ కాదు. అన్యాయమని అననుగానీ, అతనికి ఎలా అనిపించి ఉంటుందా అని ఒక్క క్షణం ఆగుతాను. 2017లో బ్యాండు పేరుతోనే కొత్త ఆల్బమ్ వచ్చింది, ఇరవై రెండేళ్ల తర్వాత. 2020లో రేచెల్ తల్లి, స్కాట్ తండ్రి పోయారు. 2023 నాటి ‘ఎవ్రీథింగ్ ఈజ్ అలైవ్’ని వాళ్లిద్దరికీ అంకితమిచ్చారు. అది బ్రిటన్ అమ్మకాల పట్టికలో తొలి పదిలోకి చేరింది, అంతకుముందు వీళ్లకి ఎన్నడూ దక్కని చోటు.

ఇప్పుడు వీళ్ల కచేరీల్లో ‘పిగ్మేలియన్’లోని ‘క్రేజీ ఫర్ యూ’ కూడా వాయిస్తున్నారు. రికార్డులో సన్నగా, ఊపిరి బిగబట్టినట్టుండే పాట అది. వేదిక మీద మాత్రం కర్రలు పడుతున్నకొద్దీ లేచి హోరెత్తిపోతుంది. ఆ కర్రలు సైమన్ స్కాట్ చేతిలో ఉన్నాయి.