సెండ్ బఫర్ జోలికి పోకండి

నెట్‌వర్క్ నెమ్మదించిందనగానే మన ఇంజినీర్లలో చాలామంది నోట వచ్చే మొదటి మాట ‘సెండ్ బఫర్ పెంచు’. దీనికి ఎదురు చెప్పేవాళ్లు తక్కువ. మెమరీ చవకే కదా, పెంచితే పోయేదేముందంటారు. లినక్స్‌లో పోయేది చాలానే ఉంది.

ప్రోగ్రాములో ఎస్‌ఓ-సెండ్‌బఫ్ అని ఒక అంకె పెట్టారనుకోండి. కర్నెల్ తన లెక్కల ఖర్చు కోసం దాన్ని రెట్టింపు చేస్తుంది. ఆ సాకెట్‌కు పంపేవైపు ఆటోట్యూనింగ్ ఆపేస్తుంది. అసలు దెబ్బ ఇక్కడే. మీరు 8 మెగాబైట్లు అడిగినా డబ్ల్యూమెమ్-మ్యాక్స్ దాటనివ్వదు. ఆ హద్దు ఏళ్ల తరబడి 2,12,992 బైట్లుగానే ఉండేది, రెట్టిస్తే 4,25,984. పైగా కుదరదని చెప్పదు, పని జరిగినట్టే సున్నా తిరిగిస్తుంది. అడిగినంత దక్కిందో లేదో మళ్లీ చదివి చూసుకునే అలవాటు మనకెక్కడిది? పోయి రావడానికి 200 మిల్లీసెకన్లు పట్టే దారిలో ఆ బఫర్‌తో సెకనుకు 17 మెగాబిట్లు దాటవు. ముట్టుకోకుండా వదిలేసి ఉంటే, తగినంత మెమరీ ఉన్న యంత్రంలో కర్నెల్ తనంతట తానే 41,94,304 బైట్ల దాకా పెంచుకునేది. టీసీపీ-డబ్ల్యూమెమ్‌లో మూడో అంకె అదే. అంటే పెంచామనుకుని సుమారు పదో వంతుకు కుదించుకున్నామన్నమాట.

‘సరే, హద్దులే ఎత్తేద్దాం’ అంటారు. అప్పుడు ఇంకా బయటికి వెళ్లని డేటా కర్నెల్‌లోనే పేరుకుంటుంది. రైట్ కాల్ ముగిసింది కాబట్టి ప్రోగ్రాము పంపేశాననుకుంటుంది. ఈలోగా అంతకంటే అర్జెంటు కబురు వస్తే అది ఆ వరస వెనకే నిలబడాలి. 2013లో 3.12 కర్నెల్‌లో నాట్‌సెంట్-లోవాట్ అనే ఏర్పాటు వచ్చింది ఈ బాధ తప్పించడానికే. కింది క్యూల సంగతీ అంతే. 2012లోనే 3.3లో బైట్ క్యూ లిమిట్స్, 3.6లో టీసీపీ స్మాల్ క్యూస్ వచ్చాయి. కర్నెల్ రాసేవాళ్లు క్యూలు కుదించే పనిలో ఉంటే మనం ఉబ్బించే పనిలో ఉన్నాం.

అసలు అడగాల్సింది, ఎవరు ఎవరి కోసం ఆగారని. ఎస్‌ఎస్ కమాండ్‌కు టీ, ఐ జోడించి చూడండి. 4.10 నుంచి కర్నెల్ ఈ లెక్క విడివిడిగా కడుతోంది: పంపాల్సింది ఉన్న కాలం ఎంత, అందులో అవతలివాళ్ల రిసీవ్ విండో చాలక ఆగింది ఎంత, మన సెండ్ బఫర్ చాలక ఆగింది ఎంత. ఈ మూడోది పెద్దదైతేనే బఫర్ మీద నేరం మోపాలి. రెండోది పెద్దదైతే అవతలి ప్రోగ్రాము చదవడం లేదు, లేదా దాని బఫర్ చిన్నది. మొదటిదే చిన్నదైతే మన ప్రోగ్రామే పంపడం లేదు. డేటాబేస్ దగ్గరో డిస్కు దగ్గరో కూర్చుని ఉంటుంది. మొదటిది పెద్దదై మిగతా రెండూ చిన్నవైతే ప్యాకెట్లు పోతున్నాయేమో, కంజెషన్ విండో ఎదగలేదేమో చూడాలి.

నిజంగా చాలని చోట్లు లేకపోలేదు. సెకనుకు 10 గిగాబిట్ల లింకు, 100 మిల్లీసెకన్ల దారి అయితే గాలిలో ఉండే డేటాయే 125 మెగాబైట్లు. 4 మెగాబైట్లు ఏ మూలకు? అక్కడ కూడా మార్చాల్సింది టీసీపీ-డబ్ల్యూమెమ్ మూడో అంకెను. ప్రోగ్రాములోని ఎస్‌ఓ-సెండ్‌బఫ్ లైను మాత్రం కొట్టేయండి.