దొంగే 'దొంగ' అని అరిస్తే!

పిల్లల చదువులకనీ, దరఖాస్తులకనీ పల్లెల్లోనూ ఇళ్లకు కంప్యూటర్లు వచ్చాయి. వాటి వెంటే ఒక కొత్త బెడదా వచ్చింది. ఏదో చూస్తుండగా తెర ఎర్రబడుతుంది. అలారం మోగుతుంది. 'మీ కంప్యూటర్‌లో వైరస్ చేరింది, వెంటనే ఈ నంబరుకు ఫోన్ చేయండి' అన్న హెచ్చరిక కనిపిస్తుంది. ఏది నొక్కినా పోదు.

ఇది చాలావరకు కంప్యూటర్ జబ్బు కాదు. దొంగే 'దొంగ, దొంగ' అని అరవడం! ఫోన్ చేస్తే అవతలివాడు మరమ్మతు పేరుతో ఒక ప్రోగ్రాం పెట్టించి, దూరం నుంచే కంప్యూటర్‌ను తన చేతిలోకి తీసుకుంటాడు. ఆపైన బ్యాంకు ఖాతాకు కన్నం పడుతుంది.

నకిలీని పట్టే గుర్తు ఒకటుంది. మైక్రోసాఫ్ట్ తన హెచ్చరికల్లో ఫోన్ నంబరు ఇవ్వదు. నంబరు ఉందంటే మోసమే.

అప్పుడు కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు మూడూ కలిపి నొక్కాలి. వచ్చిన పట్టికలో బ్రౌజర్‌ను ఎంచి ఆపేయాలి. కుదరకపోతే పవర్ బటన్‌ను కొన్ని సెకన్లు నొక్కిపట్టాలి. మళ్లీ తెరిచినప్పుడు 'పాత పేజీలు తెరవాలా?' అని అడిగితే వద్దనాలి. తెర మూలన హెచ్చరికలు పదేపదే వస్తుంటే, బ్రౌజర్ సెట్టింగులలో తెలియని సైట్లకు ఇచ్చిన నోటిఫికేషన్ల అనుమతి రద్దు చేయాలి. చివరగా విండోస్ సెక్యూరిటీతో తనిఖీ చేయించాలి. అది విండోస్‌తోనే వస్తుంది, కొననక్కరలేదు.

డబ్బు పోతే సిగ్గుపడి దాచుకోరాదు. వెంటనే 1930కి ఫోన్ చేయాలి. ఆలస్యమైతే సొమ్ము చేతులు మారిపోతుంది.

ఈ నాలుగు ముక్కలు ప్రతి పంచాయతీ కార్యాలయం గోడమీద, ప్రతి బడి నోటీసు బోర్డుమీద రాయించడానికి అయ్యే ఖర్చెంత? అధికారులు పూనుకోవాలి.